తీగ ఆడుతున్నదా, చూసుకో

బిడ్డా,

వచ్చే నెల సంది ఎక్మోకు, అంటే గుండె, ఊపిరితిత్తుల పని ఒంటి బయట చేసే మిషనుకు, కాన్యులాలు (రక్తనాళంల పెట్టే లావు గొట్టాలు) నువ్వే వెయ్యాలని ఫోన్ల చెప్పినవు. చెప్పేటప్పుడు నీ గొంతుల గాబర కనపడ్డది. ఆ గాబర ఉండనియ్యి, లేకుంటేనే నాకు భయం.

సూది గుచ్చుడు నీకు కొత్త కాదు. అల్ట్రాసౌండ్ పెట్టి, కాలుకు పొయ్యే కామన్ ఫెమొరల్ ధమనిని అది రెండుగ చీలకముందే, గజ్జల లిగమెంటుకు కిందనే పట్టాలె. పైన గుచ్చితే రక్తం కడుపు వెనకకు పోతది. బీపీ పడిపోయేదాక నీకు తెల్వదు.

అసలు కథ డైలేటర్ల కాడ, అంటే దారిని సైజు సైజుగ వెడల్పు చేసే గొట్టాల కాడ. 25 ఫ్రెంచ్ కాన్యులా అంటే ఎనిమిది మిల్లీమీటర్ల పైన లావు. అంత దారి, సూదిల నుంచి రక్తనాళంలకు పంపిన ఒక సన్నటి తీగ మీద చెయ్యాలె. ఒక్కో సైజు తోసేటప్పుడు పక్కనున్నోళ్లతోని తీగను ముందుకు, వెనక్కి కొద్దిగ ఆడించమను. సులువుగ జారితే సరే, పట్టిందంటే చెయ్యి ఆపు. నేను ఒకసారి అర్ధరాత్రి "చర్మం గట్టిగున్నదిలే" అనుకొని తోసిన. మిషను నడిపే పర్‌ఫ్యూజనిస్టు నా చెయ్యి పట్టి ఆపిండు. తీగ బయటికి తీస్తే పిన్నీసు లెక్క వంగి ఉన్నది. ఇంకొంచెం తోస్తే రక్తనాళం చిరిగేది.

రక్తం గడ్డకట్టకుండ హెపారిన్ ముందే ఇచ్చినమా అని నోరు తెరిచి అడుగు. గొట్టాలు కలిపేటప్పుడు సెలైన్ పోసుకుంటనే కలుపు, ఒక్క బుడగ కూడ లోపలికి పోవద్దు.

వీఏ అయితే, అంటే సిరల నుంచి గుంజి ధమనిలకు పంపే ఎక్మో అయితే, కాలు మర్చిపోకు. ధమనిల 17 ఫ్రెంచ్ కూసున్నంక కింది కాలుకు రక్తం సరిగ్గ అందదు. 6 నుంచి 8 ఫ్రెంచ్ చిన్న గొట్టం పాదం దిక్కు అప్పుడే వెయ్యి. "చల్లబడితే చూద్దాం" అనేటోళ్ల మాట వినకు. బీపీ చూసేటందుకు, రక్తం పరీక్షకు తీసేటందుకు ధమనిల పెట్టే ఆర్టీరియల్ లైను కుడిచేతికే పెట్టు. గుండె కోలుకుంటుంటే, ఊపిరితిత్తులు బాగలేకపోతే, మెదడుకు ఎసొంటి రక్తం పోతున్నదో ఆ చెయ్యే చెప్తది.

మిషను నడిచినంక ఒక్కోసారి ఒంట్ల నుంచి రక్తం గుంజే గొట్టం గజగజ కొట్టుకుంటది. స్పీడు పెంచబుద్ధి అయితది, పెంచకు. ఎండకాలం మన బత్తాయి తోటల బోరు ఆగి ఆగి పోస్తుంటే మీ నాయిన వాల్వు తిప్పి తగ్గించేటోడు, యాదికున్నదా? గదే పని. ముందు తగ్గించు, తర్వాత రక్తం ఎక్కడన్న కారుతున్నదా, గొట్టం మడిగిందా, కొస జరిగిందా చూడు.

ఆదివారం మిర్యాలగూడకొస్తే ఆ వంగిన తీగ చూపిస్త. ఇంకా బీరువలనే ఉన్నది.