వాల్వు మార్చే ముందు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో సగానికి పైగా వాల్వు యాంప్లిఫయర్ల గురించినవే (వాల్వు అంటే ట్రాన్సిస్టర్లు రాకముందు వాటి పని చేసిన గాజు గొట్టం). వాటిలో ఇతరులకు కూడా పనికివస్తాయనిపించిన ఐదింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను. ఉత్తరాలను కొంత కుదించాను.

ఒక కళాశాల అధ్యాపకుడు, అనంతపురం: ఆర్యా, రెండేళ్ళుగా నా రాతబల్ల మీద ఒక ఓటీఎల్ హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్ ఉంది. అందులో ముందు ఒక 12ఏయూ7, వెనుక ఒక 6080 వాల్వు ఉన్నాయి. 300 ఓముల హెడ్‌ఫోన్‌తో కచేరీలు వింటే తంబూరా గదిలోనే మోగుతున్నట్లుండేది. ఈ మధ్య 32 ఓముల ప్లేనార్ (పలుచని చదునైన పొర కదిలి మోగే రకం) హెడ్‌ఫోన్ కొన్నాను. దానితో అదే యాంప్లిఫయర్ నీరసించిపోయింది. మృదంగం ఎడమవైపు తొప్పి దెబ్బ మెత్తబడింది, గొంతు కొంచెం పైకి లేవగానే గరగర వినిపిస్తున్నది. పాతకాలపు ముల్లార్డ్ 12ఏయూ7 వేస్తే సరిపోతుందని ఒక మిత్రుడు అంటున్నాడు. దానికి ఆరు వేల రూపాయలు చెబుతున్నారు. కొనమంటారా?

కొనవద్దు. మీ ఇబ్బంది ముందున్న చిన్న వాల్వులో లేదు, వెనకున్న 6080కీ కొత్త హెడ్‌ఫోన్‌కూ మధ్య ఉంది.

ఓటీఎల్ అంటే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లేని యాంప్లిఫయర్ అని అర్థం. వాల్వు స్వభావరీత్యా ఎక్కువ వోల్టేజినీ తక్కువ కరెంటునూ ఇచ్చే వస్తువు. ఆ వోల్టేజిని దించి కరెంటును పెంచే పని ట్రాన్స్‌ఫార్మర్ చేయాలి. అది లేనప్పుడు హెడ్‌ఫోన్ అడిగే కరెంటునంతా వాల్వే స్వయంగా మోయవలసి వస్తుంది. అందుకే ఇటువంటి యాంప్లిఫయర్లలో 6080ని వాడతారు. నిజానికి అది సంగీతం కోసం పుట్టినది కాదు. విద్యుత్ సరఫరా యంత్రాలలో వోల్టేజిని నిలకడగా ఉంచడానికి తయారైన మోటు వాల్వు. దాని హీటరు, అంటే లోపల కాగి వెలిగే తీగ, ఒక్కటే 6.3 వోల్టుల వద్ద 2.5 ఆంపియర్లు, అంటే దాదాపు 16 వాట్లు తింటుంది. ఇంత తిన్నా, ఈ జంట వాల్వులోని ఒక్కో సగపు ప్లేటు (కరెంటును అందుకొనే రేకు) 13 వాట్లకు మించిన వేడిని తట్టుకోదు కనుక, తయారు చేసేవారు కరెంటును పదుల మిల్లీఆంపియర్లలోనే ఆపుతారు.

ఇప్పుడు లెక్క చూడండి. హెడ్‌ఫోన్‌కు 100 మిల్లీవాట్లు అందాలనుకుందాం. 300 ఓముల హెడ్‌ఫోన్ అందుకు 5.5 వోల్టులు, 18 మిల్లీఆంపియర్లు అడుగుతుంది. 32 ఓములది 1.8 వోల్టులే అడుగుతుంది కాని, కరెంటు మాత్రం 56 మిల్లీఆంపియర్లు కావాలంటుంది. తొప్పి దెబ్బ పడిన క్షణంలో అది 80 దాకా వెళ్తుంది. మొదటిది మీ వాల్వుకు నల్లేరు మీద నడక, రెండవది తలకు మించిన బరువు. మీరు విన్న గరగర ఆ బరువు కింద అది చేసిన మూలుగే.

దీనికి తోడు, మీ యాంప్లిఫయర్ సొంత ఇంపెడెన్సు, అంటే కరెంటుకు అది పెట్టే అడ్డు, 100 ఓముల చుట్టుపక్కల ఉంటుంది. పుట్టిన వోల్టేజిని యాంప్లిఫయరూ హెడ్‌ఫోనూ తమ తమ ఓముల నిష్పత్తిలో పంచుకుంటాయి. 300 ఓముల హెడ్‌ఫోన్‌కు నాలుగింట మూడు వంతులు చేరుతుంది. 32 ఓముల దానికి నాలుగో వంతు కూడా చేరదు, మిగిలినదంతా యాంప్లిఫయర్ లోపలే వేడిగా పోతుంది. మీరు వాల్యూము ముప్పావు దాటించినా నిండుదనం రాకపోవడానికి ఇదే కారణం. ఇందులో ఏ ఒక్క అంకెనూ ముల్లార్డ్ పేరు మార్చలేదు.

నా సలహా ఏమిటంటే, ఓటీఎల్‌ను 300 ఓముల హెడ్‌ఫోన్‌కే వదిలేయండి. ఆ జోడీ కుదిరినది, చెడగొట్టుకోకండి. ప్లేనార్ మీద మనసు పడితే దానికి ఒక సాదా ట్రాన్సిస్టర్ హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్ చాలు. రెంటికీ వాల్వే కావాలన్న పట్టుదల ఉంటే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న యాంప్లిఫయర్ చూడాలి, అయితే మంచి ట్రాన్స్‌ఫార్మర్‌కు ఇనుమూ రాగీ పనితనమూ కలిసి ఖరీదు చాలా ఎక్కువవుతుంది. ఆరు వేలకు రాదు.

ఒక బ్యాంకు ఉద్యోగి, కర్నూలు: నాలుగు ఈఎల్84 వాల్వులున్న స్టీరియో యాంప్లిఫయర్‌ను బెంగళూరులో పాతది కొన్నాను. కంప్యూటర్ నుంచి డ్యాక్ (డిజిటల్ అంకెలను శబ్ద సంకేతంగా మార్చే పెట్టె) ద్వారా పాటలు వింటాను. స్పీకర్లలో ఎప్పుడూ గుయ్‌మనే రొద. అర్ధరాత్రి దాటాక ఒక వాల్వు లోపలి రేకు ఎర్రబడుతున్నది. ఇక్కడి మెకానిక్ ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేస్తే రొద పోతుందన్నారు. తీసేయవచ్చా?

ముందు ఎర్త్ సంగతి. తీసేస్తే రొద పోవచ్చు, ప్రాణం కూడా పోవచ్చు. మీ యాంప్లిఫయర్ ఇనప పెట్టె లోపల 300 వోల్టుల దాకా డీసీ ఉంటుంది. ఏ తీగ తెగి పెట్టెకు తగిలినా, ఆ కరెంటును మీ చేతిగుండా కాకుండా నేలలోకి పంపేది ఆ మూడో పిన్నే.

రొద ఎక్కడినుంచి వస్తున్నదో చెవితోనే చాలావరకు పట్టవచ్చు. మన కరెంటు 50 హెర్ట్జ్. సరఫరా విభాగంలో ఏసీని డీసీగా మార్చాక మిగిలిపోయే అల మాత్రం 100 హెర్ట్జ్ వద్ద ఉంటుంది. సంగీతం తెలిసినవారికి చెప్పాలంటే రెండూ ఒకే స్వరం, రెండవది ఒక స్థాయి పైన. వినిపించేది లోతైన హుంకారమైతే హీటరు తీగలనో ఎర్త్ వలయాన్నో అనుమానించాలి. దానికి పై స్థాయిలో, కాస్త పదునుగా గుయ్‌మంటే సరఫరా విభాగంలోని పెద్ద కండెన్సర్లు ఎండిపోయి ఉంటాయి. పాత యాంప్లిఫయర్ కనుక మీ విషయంలో ఇది జరిగే అవకాశం బాగా ఉంది.

తరువాత ఇన్‌పుట్ తీగలు రెండూ పీకి వినండి. రొద ఆగిపోతే తప్పు యాంప్లిఫయర్‌ది కాదు. కంప్యూటర్ ఎర్తూ యాంప్లిఫయర్ ఎర్తూ సిగ్నల్ తీగ ద్వారా కలిసి వలయంగా ఏర్పడ్డాయన్న మాట. మౌసు కదిలించినప్పుడల్లా సన్నగా కీచుమంటే ఇక సందేహమే అక్కర్లేదు. కంప్యూటర్‌కూ డ్యాక్‌కూ మధ్య ఆప్టికల్ తీగ వేయండి. దానిలో నడిచేది వెలుతురు కనుక రెంటి మధ్య విద్యుత్ సంబంధమే ఉండదు. ఎర్త్ పిన్ను దాని చోటనే ఉంటుంది.

ఎర్రబడే రేకు వీటన్నిటికంటే తొందరగా చూడవలసిన విషయం. వాల్వు అడుగున, నడుమ కనిపించే నారింజ వెలుగు హీటరుది, అది ఉండవలసిందే. దాని చుట్టూ ఉన్న బూడిదరంగు రేకు, అంటే ప్లేటు, ఎర్రబడకూడదు. ఎర్రబడిన వెంటనే స్విచ్చి ఆపండి, ఒక్క పాట అయ్యేదాకా కూడా చూడవద్దు. పూర్తిగా చల్లారాక ఆ వాల్వునూ పక్కదాన్నీ ఒకదాని చోట ఒకటి మార్చి, కళ్ళు అక్కడే పెట్టి కొద్దిసేపు నడపండి. ఎరుపు వాల్వుతో పాటు కదిలితే వాల్వు పోయినట్లు. ఎరుపు ఆ సాకెట్‌లోనే ఉండిపోతే, దాని గ్రిడ్డుకు (వాల్వులో కరెంటును అదుపు చేసే జాలీకి) సంకేతాన్ని అందించే కప్లింగ్ కండెన్సర్ డీసీని కారుస్తున్నదని చాలావరకు అనుకోవచ్చు. కొత్త వాల్వు వేసినా అదీ మాడిపోతుంది.

అర్ధరాత్రి దాటాకనే ఎందుకన్నది మీ ఉత్తరంలో నాకు నచ్చిన భాగం. మన ప్రాంతంలో మోటార్లు ఆగి, ఊరు పడుకున్నాక వోల్టేజి పైకి లేస్తుంది. అనంతపురంలో మా ఇంట్లో ఒక వేసవి రాత్రి రెండు గంటలకు మీటరు పెడితే 252 చూపింది. అదే సాయంత్రం అది 206. యాంప్లిఫయర్ 230 వోల్టులకు చుట్టినదైతే, 252 వద్ద హీటరుకు 6.3కు బదులు 6.9 వోల్టులు అందుతాయి. సాధారణంగా ఒప్పుకొనే పది శాతం హద్దుకు అది అంచు. వెనక పట్టీ మీద 220 అని రాసి ఉంటే హీటరుకు అందేది 7.2, అంటే హద్దు దాటినట్టే. ప్లేటు వోల్టేజి కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది. పగలు ఎలాగో నెట్టుకొస్తున్న బలహీనమైన వాల్వు రాత్రి బయటపడుతున్నది. ఒక 500 వీఏ సర్వో స్టెబిలైజర్ కొనండి. నా దృష్టిలో రాయలసీమలో వాల్వు యాంప్లిఫయర్‌కు చేయగలిగిన మొదటి అప్‌గ్రేడ్ అదే, దాని ఫొటో ఎవరూ తీసి చూపించుకోకపోయినా.

ఇంకొక జాగ్రత్త. స్విచ్చి ఆపినా పెద్ద కండెన్సర్లలో వందల వోల్టులు నిలిచి ఉండవచ్చు. వాటిని ఖాళీ చేయడం తెలిసినవారే అడుగు మూత విప్పాలి.

ఒక గృహిణి, కడప: మా మామగారి కాలంనాటి వాల్వు రేడియో ఉంది. ఇప్పటికీ కడప ఆకాశవాణి పలుకుతుంది. రాత్రిళ్ళు పిల్లలకు ఇబ్బంది కాకుండా దానికి హెడ్‌ఫోన్ సాకెట్ పెట్టించాలని మావారి కోరిక. సాధ్యమేనా?

అమ్మా, ముందు ప్లగ్గు పీకి, వెనక అట్ట తీయించి, లోపల దేన్నీ తాకకుండా వాల్వుల మీది పేర్లు చదివించండి. ఐరోపా పద్ధతిలో వాల్వు పేరులోని మొదటి అక్షరం హీటరు ఎలాంటిదో చెబుతుంది. ‘ఈ’ అని ఉంటే 6.3 వోల్టులది. ఈఎల్84, ఈసీసీ83 వంటివి ఆ కోవలోనివి. ‘యూ’ అని ఉంటే, ఉదాహరణకు యూసీఎల్82, యూఎల్84, వాటి హీటర్లన్నీ 100 మిల్లీఆంపియర్ల కరెంటుతో పూలమాలలా ఒకదాని వెంట ఒకటి కట్టినవి. అటువంటి రేడియోలలో సాధారణంగా మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. గోడలోని కరెంటు తీగలలో ఒకటి నేరుగా ఇనప ఛాసీకే (లోపలి చట్రానికే) కలుస్తుంది. ప్లగ్గు తిరగేసి పెడితే ఛాసీ అంతా 230 వోల్టులే. చెక్క పెట్టె, బేకలైట్ నాబులు అందం కోసం మాత్రమే పెట్టినవి కావు, అవే కవచం. నాబు ఊడిన ఇనప కడ్డీని తడి చేత్తో పట్టుకున్నవారు ఆ మాట మరచిపోరు.

‘యూ’ వాల్వులు కనిపిస్తే హెడ్‌ఫోన్ ఆలోచన అంతటితో మానండి. ఆ సాకెట్ నుంచి తీగ వెళ్ళేది తలకు. ‘ఈ’ వాల్వులూ, బరువైన మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మరూ ఉంటే, తెలిసిన పనివాడు స్పీకర్ వైపు నుంచి తగిన రెసిస్టర్లతో సాకెట్ ఇవ్వగలడు. అయినా నేనైతే చేయించను. ఆ డబ్బుతో పాత కాగితపు కండెన్సర్లు మార్పించి, స్టేషను సరిగా కుదిరిందో లేదో చూపుతూ పచ్చగా వెలిగే మేజిక్ ఐని కాపాడుకొని, రాత్రి వినడానికి చిన్న ట్రాన్సిస్టర్ రేడియో పెట్టుకుంటాను.

ఒక విద్యార్థి, ప్రొద్దుటూరు: రెండు వేలకు వచ్చిన డెస్క్ యాంప్లిఫయర్‌లో రెండు చిన్న వాల్వులు ఉన్నాయి. స్విచ్చి వేయగానే నారింజరంగులో వెలుగుతాయి. వాటిని మార్చి శబ్దం మెరుగుపరచవచ్చా?

స్విచ్చి వేయగానే వెలిగాయంటే ఆ వెలుగు వాల్వుది కాదు. నిజమైన హీటరు కొన్ని సెకన్లు తీసుకొని మెల్లగా ఎర్రబడుతుంది. వాల్వును మెల్లగా పైకి తీసి చూస్తే సాకెట్ నడిమి రంధ్రంలో ఒక ఎల్‌ఈడీ కనిపిస్తుంది. ఇలాంటివాటిలో హెడ్‌ఫోన్‌ను నడిపేది చిప్పే, వాల్వు తాంబూలంలో సున్నమంత. వినడానికి బాగుంటే హాయిగా వినండి. డబ్బు చేరినప్పుడు ముందు మంచి హెడ్‌ఫోన్ కొనండి.

ఒక వ్యాపారి, ఆదోని: నా దగ్గర ఉన్నదీ ఈఎల్84 యాంప్లిఫయరే. ఈఎల్34 వేస్తే శక్తి పెరుగుతుందా? పాత వాల్వులు కొనేటప్పుడు అసలుదీ నకిలీదీ ఎలా గుర్తించాలి? మా ఊరి ఎండలకు వీటిని రోజంతా నడపవచ్చా?

ఈఎల్34 మీ సాకెట్‌లో కూర్చోనే కూర్చోదు. పేరులో 8 ఉంటే తొమ్మిది సన్నని పిన్నుల నోవల్ అడుగు, 3 ఉంటే ఎనిమిది పిన్నుల ఆక్టల్ అడుగు. పైగా దాని హీటరు 1.5 ఆంపియర్లు అడుగుతుంది, మీదానిది 0.76. అడుగు ఒకటే అయినంత మాత్రాన కూడా మార్చరాదు: ఈసీసీ82, ఈసీసీ88 రెండూ నోవలే, కాని తొమ్మిదో పిన్ను ఒకదానిలో హీటరుకు, ఇంకొకదానిలో లోపలి తెరకు. శక్తి రెట్టింపైనా పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. అదే శక్తికి 87 డెసిబెల్స్ పలికే స్పీకర్ తీసి 90 పలికేది పెడితే అంతే లాభం వస్తుంది, యాంప్లిఫయర్ జోలికి పోకుండానే.

పాత వాల్వుల విషయంలో పేరును నమ్మవద్దు. అసలు ముల్లార్డ్ వాల్వులలో చాలావాటిని ఇంగ్లండులోని బ్లాక్‌బర్న్‌లో తయారు చేశారు. ఇప్పుడు అదే పేరుతో వస్తున్నవి రష్యాలోని సరాతోవ్‌లో తయారవుతున్నాయి. అవి కొత్తవని చెప్పి కొత్త ధరకే అమ్మితే తప్పేమీ లేదు, పాతవని అమ్మితేనే మోసం. బ్లాక్‌బర్న్ వాల్వుకు గాజు అడుగుభాగంలో బూడిదరంగులో సన్నని సంకేతాక్షరాలు ఉంటాయి, పై ముద్ర లేకపోయినా అవి ఉండాలి. తలమీద వెండి పూతలా మెరిసే భాగం పాలలా తెల్లబడి ఉంటే లోపలికి గాలి చేరినట్లు. ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు. మామూలుగా వినడానికి స్లొవాకియాలోని జేజే వాల్వులు చాలు.

ఎండ వల్ల వాల్వుకు పెద్ద నష్టం లేదు, దాని పక్కనున్న కండెన్సర్లకు ఉంది. పైన జానెడు ఖాళీ వదలండి, అలమరలో మూసిపెట్టకండి, వినని గంటల్లో ఆపేయండి. వంద వాట్ల యాంప్లిఫయర్ రోజుకు నాలుగు గంటలు నడిస్తే నెలకు పన్నెండు యూనిట్లవుతుంది. మన దుమ్ముకు వారానికొకసారి తుడవవలసిందే. అయితే పూర్తిగా చల్లారాక, పొడి కుంచెతోనే దులపండి. బెంగళూరు బీఈఎల్‌లో తయారైన ఒక పాత వాల్వును నేను తడిగుడ్డతో శుభ్రంగా తుడిచాను. గుడ్డ మీద తెల్లని అక్షరాలు మిగిలాయి, గాజు మీద ఏమీ మిగలలేదు. అది ఈసీసీ82నో ఈసీసీ83నో తేల్చుకోవడానికి టెస్టర్ ఉన్నవాణ్ణి వెతుక్కుంటూ హైదరాబాదు కోఠీ దాకా వెళ్ళవలసి వచ్చింది.