కొల్లేరు గట్ల మీద పురుగులు లెక్కపెడితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ జువాలజీ చివరి సంవత్సరం. కొల్లేరు చుట్టూ ఏ కాలంలో ఏ పురుగులుంటాయో చూస్తానంటూ సెలవు దొరికితే చాలు గట్ల వెంట తిరుగుతోంది. ఎమ్మెస్సీలోనూ ఇదే ప్రాజెక్టు చేస్తుందట. దీనికి ఉద్యోగాలుంటాయా? నాకు టెన్షన్‌గా ఉంది. - ఒక తండ్రి, కైకలూరు

జవాబు: ముందు చేదు మాట చెప్పేస్తాను. ఒట్టి బీఎస్సీతో ఈ దారిలో చెప్పుకోదగ్గ ఉద్యోగం దొరకడం కష్టం. ఎమ్మెస్సీ తర్వాత సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) తెచ్చుకుంటే పీహెచ్‌డీకి ఫెలోషిప్ వస్తుంది. జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా లాంటి చోట్ల ప్రాజెక్టు పోస్టులూ పడుతుంటాయి. వ్యవసాయ వర్సిటీల్లో ఎంటమాలజీ (కీటక శాస్త్రం) సీటుకు సాధారణంగా బీఎస్సీ అగ్రికల్చర్ అడుగుతారు, ఆ ఆశ పెట్టుకోవద్దు. పుదుచ్చేరిలో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వారి వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్‌లో పబ్లిక్ హెల్త్ ఎంటమాలజీ ఎమ్మెస్సీ ఉంది. అందులో ఎక్కువగా దోమల పనే. ఉద్యోగం కోణంలో చూస్తే నా ఓటు దానికే.

ఇక ఆమె ప్రాజెక్టు సంగతి. కొల్లేరు 2002 నుంచి రామ్‌సార్ చిత్తడి నేల, అంటే అంతర్జాతీయ ప్రాధాన్యం ఉన్నదిగా గుర్తింపు పొందినది. వచ్చినవాళ్ల కళ్లన్నీ ఆటపాక పెలికాన్ల మీదే, గట్టు మీది చీమను చూసేదెవరు? అందుకే నాకు ఈ అంశం నచ్చింది. అయితే వానాకాలంలో నాలుగుసార్లు తిరిగి పెద్ద జాబితా రాసుకొస్తే సరిపోదు. పన్నెండు నెలలూ అవే చోట్లు, అన్నే ఉచ్చులు (పురుగులు పడేలా నేలలో పాతే గ్లాసులు), అంతే సేపు ఉండాలి. మే ఎండలో ఖాళీ గ్లాసుతో ఇంటికొచ్చిన రోజు కూడా నోట్‌బుక్‌లో సున్నా వేయాలి. ఆ సున్నాలు లేకపోతే కాలాల మధ్య పోలికే లేదు.

ఇంకో చిక్కుంది. నేలలో అంచు దాకా పాతిన గ్లాసులో పడేవి అటుగా నడిచిన పురుగులే. వరద నీళ్లొచ్చి పల్లం మునిగితే చీమలు, పెంకుపురుగులు గట్టెక్కుతాయి. గ్లాసులు నిండిపోతాయి. పురుగులు పెరిగాయా, ఒక్కచోట చేరాయా? ఇంటర్వ్యూలో నేనైతే అదే అడుగుతాను. అందుకే గ్లాసులతో పాటు గడ్డిలో వల కూడా ఊపి చూడాలి. మిడతలు, మొక్కల రసం పీల్చే నల్లులు అందులోనే దొరుకుతాయి. తూనీగ పిల్లదశ నీళ్లలో గడిచిపోతుంది కాబట్టి దాన్ని నేల కీటకాల్లో కలపాలో వద్దో ముందే తేల్చుకోమనండి. తొలకరికి కనిపించే ఆరుద్ర పురుగు అసలు కీటకమే కాదు, ఎనిమిది కాళ్లుంటాయి. పొరపాటున జాబితాలో రాస్తే గైడ్ ముందు నవ్వులపాలే!

కొల్లేరు 1999 నుంచి అభయారణ్యం కూడా. దాని హద్దుల్లో పురుగును పట్టాలన్నా అటవీ శాఖ అనుమతి కావాలి. కాలేజీ లెటర్‌తో ఇప్పుడే దరఖాస్తు పెట్టించండి, నెలలు పట్టొచ్చు. గట్ల మీద పాములుంటాయి. ఒక జత గమ్‌బూట్లు కొనివ్వండి, ఒంటరిగా మాత్రం పంపకండి.