మొక్కుబడి రాళ్లపై రోమన్ అధికారులు

ప్రశ్న: రోమన్ సామ్రాజ్యపు మారుమూల ప్రావిన్సుల్లో ఏ దేవుళ్లను కొలిచేవారో, ఎవరు పాలించేవారో తెలుసుకోవడానికి చరిత్రకారులు శాసనాల మీద అంతగా ఎందుకు ఆధారపడతారు? రాతి మీద చెక్కినదంతా నిజమేనని అనుకోవచ్చునా?
— ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: రోమన్ చరిత్రకారుల చూపు ఎక్కువగా రాజధాని మీద, చక్రవర్తుల మీద, యుద్ధాల మీద నిలిచింది. సరిహద్దు కోటలో ఉన్న దళాధిపతి ఎవరో, అతడు ఏ దేవునికి మొక్కేవాడో వారు రాయలేదు. ఆ రెండు సంగతులనూ ఒకేచోట చెప్పేవి మొక్కుబడి బలిపీఠాలు. వాటిపై సాధారణంగా మొదట దేవుని పేరు, తరువాత మొక్కుకున్నవాని పేరు, హోదా, చివర వి.ఎస్.ఎల్.ఎం. అనే నాలుగు పొడి అక్షరాలు ఉంటాయి. 'ఇష్టపూర్వకంగా, దేవునికి తగినట్లుగా మొక్కు చెల్లించుకున్నాడు' అని వాటి భావం. ఆ లాటిన్ మాటకు మన 'మొక్కు చెల్లించడం' ఇంత చక్కగా అమరడం నాకెప్పుడూ సంతోషం కలిగిస్తుంది.

ఉత్తర ఇంగ్లాండులో హేడ్రియన్ చక్రవర్తి కట్టించిన సరిహద్దు గోడ వెంబడి బ్రొకోలీటియా అనే కోట ఉండేది. దాని పక్కన 1950లో తవ్విన మిత్రాస్ అనే దేవుని చిన్న ఆలయంలో మూడు బలిపీఠాలు దొరికాయి. మూడింటినీ ప్రతిష్ఠించినవారు ఒకే దళానికి, అంటే మొదటి బటావియన్ దళానికి, వేర్వేరు కాలాల్లో ప్రిఫెక్టులుగా, అంటే దళాధిపతులుగా, పనిచేసినవారే. వారిలో ఆలస్ క్లుయెంటియస్ హాబిటస్ తన సొంత ఊరు ఇటలీలోని లారినం అని కూడా చెక్కించాడు. మిత్రాస్ భక్తుల మతగ్రంథమంటూ ఏదీ మనకు మిగలలేదు కనుక, ఆ ఆరాధన గురించి తెలిసినదంతా దాదాపుగా ఇలాంటి రాళ్ల నుంచీ శిల్పాల నుంచీ గ్రహించినదే. అయితే ఇది ఆ దళాధిపతులందరి మతమని తేల్చలేము. అదే దళానికి ప్రిఫెక్టు అయిన కాస్కోనియానస్ ఆ కోట దగ్గరి ఊటకు అధిదేవత అయిన కొవెంటినాకు మొక్కు చెల్లించాడు. పైగా రాయి చెక్కించే స్తోమత లేని మామూలు సైనికుని భక్తికి గుర్తులు మిగలడం అరుదు.

గవర్నర్ల పేర్లు కూడా ఇలాగే బయటపడతాయి. 1975లో లండన్ నదీతీరపు రోమన్ గోడలో దొరికిన ఒక బలిపీఠం లేకపోతే, 3వ శతాబ్దపు గవర్నర్ మార్షియానియస్ పుల్కర్ ఉన్నాడనే మనకు తెలిసేది కాదు. పాతబడి కూలిన ఇసిస్ ఆలయాన్ని తిరిగి నిలబెట్టమని అతడు ఆజ్ఞాపించినట్లు దానిపై ఉంది. ఈజిప్టు దేవత గుడి లండన్‌లో ఉండేదని, దానికి గవర్నరే పూనుకున్నాడని ఆ కొద్ది పంక్తులే చెబుతున్నాయి. కాని 'పాతబడి కూలిన' అన్నది కట్టడాల శాసనాల్లో తరచు కనిపించే వాడుక మాట కనుక, గుడి నిజంగా ఏ స్థితిలో ఉండేదో దానిని బట్టి నిర్ణయించకూడదు. దాత లోకానికి చెప్పదలచినదే శాసనంలో ఉంటుంది.

హోదాల విషయంలో మాత్రం నేను గ్రంథంకంటే రాతినే ముందుగా నమ్ముతాను. యూదయాను పాలించిన పొంటియస్ పిలాతును రోమన్ చరిత్రకారుడు టాసిటస్ ప్రొక్యురేటర్ అన్నాడు. 1961లో యూదయాలోని సిసేరియా నగరపు నాటకశాలలో, మెట్టుగా వాడిన ఒక రాతిపై అతని హోదా ప్రిఫెక్ట్ (ఇక్కడ దళాధిపతి కాదు, ప్రావిన్సు పాలకుడు) అని కనిపించింది. టాసిటస్ తన కాలపు పదవీనామాన్ని వెనుకటి కాలానికి అంటగట్టాడన్నమాట. అదే రాతిపై తిబెరియస్ చక్రవర్తి పేరిట 'తిబెరియేయం' అనే కట్టడం ప్రస్తావన కూడా ఉంది. ఎడమవైపు అక్షరాలు చెరిగిపోయినందున అది చక్రవర్తికి కట్టిన గుడియా, మరొక కట్టడమా అన్న చర్చ ఇంకా తెగలేదు.