అంకీసలో సేవా కేంద్రం తెరవబోతున్న మనవరాలికి

సిరోంచ

చిరంజీవి మనవరాలికి తాత ఆశీస్సులు.

నువ్వు అంకీసలో, మహారాష్ట్ర సర్కారు సేవలకు దరఖాస్తులు పెట్టించే ఆపలే సర్కార్ సేవా కేంద్రం తెరవబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పినప్పటి నుంచి నా మనసు కుదురుగా లేదు. పట్నం పోకుండా సొంత ఊళ్ళోనే నలుగురికి పనికివచ్చే పని ఎంచుకున్నందుకు గర్వపడ్డాను. కానీ ఆ పనిలో నేను చేసిన తప్పే నువ్వూ చేస్తావేమోనన్న దిగులుతో రాత్రి నిద్రపట్టలేదు.

కంప్యూటరు, ప్రింటరు, వేలిముద్ర యంత్రం గురించి నీకు నేను చెప్పనక్కరలేదు. రుసుముల పట్టిక గోడకు అంటించు, తీసుకున్న ప్రతి రూపాయికీ రసీదు ఇవ్వు.

ఇక నా తప్పు విను. 2017లో అందరూ ఆధార్‌కు ఫోను నంబరు జోడించుకునే తొందరలో ఉన్నప్పుడు, బడి నుంచి విశ్రాంతి తీసుకున్న నేను ఊరివాళ్ళకు ఫారాలు నింపి పెట్టేవాణ్ణి. ఫోను లేనివాళ్ళు "మీ నంబరే రాయండి సారూ" అంటే, ఉపకారమనుకుని ఇరవై ముగ్గురి కాగితాల మీద నా నంబరే రాశాను. 2020లో గుండె ఆపరేషన్ కోసం గోదావరి వంతెన దాటి వరంగల్ పోయి, మీ మామయ్య ఇంట్లో నెలల తరబడి ఉండిపోయాను. మామయ్య కొత్త సిమ్ము ఇచ్చాడు. పాతదానికి రీఛార్జి చేయించాలన్న ధ్యాసే నాకు లేకపోయింది. వాడని నంబరును కంపెనీ రద్దు చేసి, కొన్నాళ్ళకు ఇంకెవరికో ఇచ్చేసింది.

చిన్నప్పుడు నీకు తునికిపండ్లు ఒళ్ళో పోసి ఇచ్చిన అవ్వ గుర్తుందా? ఆమెకున్న రెండెకరాల మీద పీఎం కిసాన్ కింద ఏడాదికి 6,000 రూపాయలు మూడు విడతలుగా వచ్చేవి. 2022లో ఈ-కేవైసీ, అంటే ఆధార్‌తో మనిషిని ఆన్‌లైన్‌లో నిర్ధారించుకోవడం, తప్పనిసరి చేసినప్పుడు, ఏళ్ళ తరబడి తునికాకు కోసి, మిరపకాయలు ఏరి అరిగిపోయిన ఆమె వేళ్ళను యంత్రం గుర్తుపట్టలేదు. ఆమె కాగితం మీదా నేను రాసింది నా పాత నంబరే కాబట్టి, ఓటీపీ ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి ఫోనుకు పోయింది. సర్కారే ఆపేసిందనుకుని ఆమె ఎవరినీ అడగలేదు. రెండు విడతలు ఆగిపోయాక, మందుల కోసం కాళ్ళ కడియాలు తాకట్టు పెట్టిందని నాకు రేషన్ దుకాణం దగ్గర తెలిసింది. ఆమెను ఆధార్ కేంద్రానికి నాలుగుసార్లు తీసుకుపోయి నంబరు మార్పించాను. ఆగిన డబ్బు తర్వాత వచ్చింది గాని, కడియాలు మాత్రం అప్పటికే చేజారిపోయాయి. "మీరు మంచికే రాసి ఉంటారు సారూ" అని ఆమె నన్నే ఓదార్చింది. ఆ మాట ఇప్పటికీ గుండెలో ముల్లులా ఉంది.

అందుకే బిడ్డా, ఎంత బతిమిలాడినా ఎవరి కాగితం మీదా నీ నంబరు రాయకు. ఇంట్లో కొడుకుదో కోడలిదో నంబరు రాయాల్సి వస్తే వాళ్ళను పిలిపించి, ఈ సిమ్ము పోతే అవ్వ డబ్బు ఆగుతుందని ఎదురుగా చెప్పు. ఎవరిది ఏ నంబరో తెలుగులో చీటీ రాసి వాళ్ళ చేతికే ఇవ్వు. తెర మీద ఉండేది మరాఠీ లేదా ఇంగ్లీషు, నీ ఎదురుగా కూర్చునేవాళ్ళకు వచ్చింది తెలుగు, గోండీ. కాబట్టి అంగీకారమన్న గడిలో టిక్కు పెట్టేముందు అక్కడున్నది వాళ్ళ మాటల్లో చదివి వినిపించు. లెక్క పూర్తిగా చదవకుండానే జవాబు రాసే తొందర నీకు చిన్నప్పటి నుంచీ ఉంది. దానికి నీ చెవి మెలిపెట్టిన చేత్తోనే ఇది రాస్తున్నాను.

యంత్రం ఒప్పుకోలేదని "కాదు, పో" అని ఎవరినీ పంపకు. మహారాష్ట్ర లోక సేవా హక్కు చట్టం 2015లోనే వచ్చింది. ఆ చట్టం కిందికి వచ్చే సేవకు దరఖాస్తు పెడితే తేదీతో రసీదు ఇవ్వాలి, తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా చెప్పాలి, దాని మీద అప్పీలు చేసుకోవచ్చు. డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న చెప్పింది. జిల్లా కేంద్రం గడ్చిరోలి మనకు 200 కిలోమీటర్ల పైమాటే. కూలి మానుకుని అంత దూరం పోలేనివాళ్ళకు నువ్వు రాసిచ్చే ఆ అప్పీలు కాగితమే దిక్కు.

కేంద్రం తెరిచిన వారంలోనే అవ్వను వెంటబెట్టుకుని వస్తాను. ఇప్పుడు ఆమె ఆధార్‌కు ఉన్నది ఆమె మనవడి నంబరు. వాడు పని వెతుక్కుంటూ హైదరాబాద్ పోయాడట. ఆ సిమ్ము ఇంకా నడుస్తోందో లేదో ముందు అది చూడు.

మీ తాత