వృద్ధాశ్రమం చూడటానికి వెళ్తే కొలత టేపు వెంట తీసుకెళ్లండి

మీ అమ్మగారికి 74 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు, మతిమరుపు ఇప్పుడిప్పుడే మొదలైంది అన్నారు. హైదరాబాద్‌లో కొంపల్లి వైపు రెండు ఆశ్రమాలు చూశారు: ఒకటి నున్నటి టైల్స్ పరిచిన డూప్లెక్స్ విల్లా, ఇంకోటి వరండా ఉన్న తాండూరు బండల పాత ఇల్లు. ఏది మేలో బిల్డింగ్‌ని బట్టి చెప్పొచ్చా అని అడిగారు. చెప్పొచ్చు. అమ్మగారు ఎవరినీ పిలవకుండా బాత్రూంకీ, నలుగురు కూర్చునే చోటుకీ వెళ్లి రాగలరా అన్నదే చూడండి.

ముందు బాత్రూం. మంచం మీంచి చూస్తే దాని తలుపు కనబడాలి. రాత్రి ఆయాను లేపాల్సి వస్తుందంటే పెద్దవాళ్లు మొహమాటపడి సాయంత్రం నుంచే నీళ్లు తాగడం తగ్గించేస్తారు. మన ఎండలకి అది చాలు, మలబద్ధకం, యూరిన్ ఇన్ఫెక్షన్ వస్తాయి. ఇన్ఫెక్షన్‌తో మనిషి ఉన్నట్టుండి తికమకపడితే మతిమరుపు ముదిరిందనుకుంటారు. అలా హఠాత్తుగా మారితే ముందు డాక్టర్‌కి చూపించండి, యూరిన్ ఇన్ఫెక్షన్ ఉందేమో అడగండి.

బాత్రూం తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపలికి తెరుచుకునేదైతే, పడిపోయిన మనిషే తలుపుకి అడ్డం పడి ఉంటారు, బయటివాళ్లు తోయలేరు. గడియ బయటి నుంచి కూడా తీయడానికి రావాలి. తలుపు వెడల్పు 90 సెం.మీ. ఉంటే వాకర్, వీల్‌చైర్ సాఫీగా పోతాయి. మామూలు ఇళ్లలో బాత్రూం తలుపు సాధారణంగా 75 దాటదు, అందుకే టేపు. కమోడ్ సీటు నేల నుంచి 45–48 సెం.మీ. ఎత్తుండాలి. పక్కన గోడకున్న కమ్మీని పట్టుకుని మీ బరువంతా వేసి లాగి చూడండి. చాలాచోట్ల టవల్ రాడ్‌నే పట్టుకోమంటారు. ప్లాస్టిక్ ప్లగ్గుల్లో స్క్రూలు తిప్పి బిగించిన ఆ రాడ్ సరిగ్గా పడబోయేటప్పుడే ఊడి చేతికొస్తుంది. కమ్మీకీ గోడకీ సందు 4–5 సెం.మీ. చాలు, ఎక్కువైతే చెయ్యి లోపలికి జారి ఇరుక్కుంటుంది. తెల్ల టైల్స్‌లో తెల్ల కమోడ్ చూపు మందగించినవాళ్లకి ఆనదు. ముదురు రంగు సీటు వేయించమనండి. బెల్లు తాడు నేల దాకా వేలాడాలి, పడిపోయినవాళ్లకి అందేది అదే.

విల్లాలో నాకు భయం ఆ నేలే. కిటికీ వెలుగు పడితే నున్నటి టైల్స్ తడిగా ఉన్నట్టు కనిపిస్తాయి. మతిమరుపు ఉన్నవాళ్లకి నల్ల గ్రానైట్ బోర్డర్ గుంటలా తోచి అక్కడే ఆగిపోతారు. పాలిష్ చేయని తాండూరు బండ ఆ రెండు విధాలా నయం, కాకపోతే అతుకుల దగ్గర ఎగుడుదిగుడుంటే వాకర్ కాలు తట్టుకుంటుంది. గదుల గడపలు తీయించమనండి. సింహద్వారం గడపకి పూజ చేస్తారు కాబట్టి దాన్ని ఉంచి, రెండు వైపులా వాలు కట్టించొచ్చు. ఒక అంగుళం ఎత్తుకి 12 అంగుళాల పొడవు, అంటే రెండంగుళాల గడపకి రెండడుగులు.

లిఫ్ట్ లేని పై అంతస్తు గది వద్దే వద్దు. ఒకసారి ఎక్కినవాళ్లు ఆస్పత్రికి తప్ప కిందికి దిగరు.

కిటికీ సంగతి. అమెరికాలో పిత్తాశయం ఆపరేషన్ అయినవాళ్ల మీద రోజర్ ఉల్‌రిచ్ 1984లో ప్రచురించిన పరిశీలనలో, చెట్లు కనిపించే గదిలో ఉన్నవాళ్లు ఇటుక గోడ కనిపించే గదిలోవాళ్ల కంటే ముందే డిశ్చార్జ్ అయ్యారు, ఘాటైన నొప్పి మందులూ తక్కువ వాడారు. వాళ్లు ఆశ్రమంలో ఉండేవాళ్లు కాదు, అయినా మంచం మీదే ఎక్కువసేపు గడిపే ఎవరికైనా ఇది పట్టించుకోదగ్గ విషయం. మన దగ్గర మాత్రం పడమటి కిటికీ అయితే చెట్టు నీడో సన్‌షేడో ఉండాలి, లేకపోతే మార్చి నుంచే మధ్యాహ్నం మూడింటికి గది కాలిపోతుంది. చెట్టు ఎంత ముఖ్యమో, వచ్చేపోయేవాళ్లు కనిపించే గేటు వైపు వరండా కూడా అంతే. చేతులున్న కుర్చీ వేస్తే పెద్దవాళ్లు పూటంతా అక్కడే కూర్చుంటారు.

వరసగా ఒకే రకం తలుపులుంటే అమ్మగారి తలుపు మీద ఆవిడ వయసులో ఉన్నప్పటి ఫోటో పెట్టండి. ఇప్పటి ఫోటోను పోల్చుకోలేకపోవచ్చు.

మీరు చెప్పినదాన్ని బట్టి నేనైతే పాత ఇల్లే అంటాను, బాత్రూం తలుపు మార్చడానికి వాళ్లు ఒప్పుకుంటే. డబ్బు కట్టేముందు మధ్యాహ్నం మూడింటికి ఒకసారి, రాత్రి లైట్లు ఆర్పాక ఒకసారి వెళ్లి, మంచం నుంచి బాత్రూం దాకా నడిచి చూడండి.