ఇంటి పనులు, మీ ప్రశ్నలు: సిలికాన్ గన్ పట్టే ముందు

ప్రశ్న: వంటింటి సింక్ వెనక, గ్రానైట్‌కూ టైల్స్‌కూ మధ్య సందులో సిలికాన్ (సందులు మూసే, రబ్బరులా గట్టిపడే పదార్థం) పెట్టాను. కొన్ని నెలలకే ఒక అంచు లేచిపోయి, అక్కడ నల్లగా బూజు పట్టింది. దాని మీదే ఇంకో వరస పెట్టేస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. గట్టిపడిన సిలికాన్‌కు ఏదీ సరిగా అంటుకోదు, కొత్త సిలికాన్ కూడా అంతే. పైన పెట్టిన వరస కొన్నాళ్లు బాగానే కనిపిస్తుంది, తర్వాత పొరలా ఊడి వస్తుంది. పాతదంతా తీయాల్సిందే.

కటర్ బ్లేడుతో టైల్ వైపు ఒక గీత, గ్రానైట్ వైపు ఒక గీత కోయండి. వరస పట్టుకుని లాగితే చాలావరకు తాడులా వస్తుంది. అసలు పని ఆ తర్వాతే ఉంటుంది. కంటికి కనబడని పలుచని పొర టైల్ మీద మిగిలిపోతుంది. దాన్ని బ్లేడు పడుకోబెట్టి గీకాలి. పోయిందో లేదో తెలియాలంటే నాలుగు చుక్కల నీళ్లు చల్లి చూడండి. నీరు పలచగా పరుచుకుంటే శుభ్రమైనట్టు, ముత్యాల్లా నిలబడితే సిలికాన్ ఇంకా ఉన్నట్టు.

బూజు ఉన్నచోట బ్లీచ్ కలిపిన నీటితో తుడిచి బాగా కడగండి. బ్లీచ్‌ను యాసిడ్‌తో గానీ అమ్మోనియా ఉన్న క్లీనర్‌తో గానీ కలపకండి, విషవాయువు పుడుతుంది. తర్వాత ఆ సందును కనీసం ఒక రోజు ఆరనివ్వండి. పైన పొడిగా ఉన్నా సందు లోపల నీరు దాగి ఉంటుంది. అంచులు లేవడానికి చాలాసార్లు కారణం ఈ తడే, లేదంటే జిడ్డు. చివరగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన గుడ్డతో రెండు వైపులా తుడిచి, అది ఆవిరయ్యాక కొత్త వరస పెట్టండి. తడి తగిలే చోటు కాబట్టి బూజు నిరోధకం కలిపిన శానిటరీ సిలికాన్ తీసుకోండి. గ్రానైట్, పాలరాయి లాంటి సహజ రాళ్లకైతే ట్యూబ్ మీద ‘రాయికి మరక పట్టదు’ అని కూడా ఉండాలి. మామూలు సిలికాన్‌లోని నూనె రాయిలోకి ఇంకి అంచు వెంబడి ముదురు చారలా కనబడుతుంది, అది ఎంత తుడిచినా పోదు.

ప్రశ్న: ట్రిగ్గర్ వదిలేసినా సిలికాన్ కారుతూనే ఉంటుంది. వరస ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా వస్తోంది. గన్ మార్చాలా?

జవాబు: అక్కర్లేదు. ట్రిగ్గర్ వదిలినా వెనక రాడ్ ట్యూబ్‌ను నొక్కుతూనే ఉంటుంది. వరస చివరికి రాగానే వెనక ఉన్న చిన్న రేకును బొటనవేలితో నొక్కండి, రాడ్ వదులవుతుంది. అయినా ఒకటి రెండు బొట్లు వస్తాయి, పక్కన పాత గుడ్డ ఉంచుకోండి.

వరస ఎగుడుదిగుడుగా రావడానికి మొదట చూడాల్సింది నాజిల్ (ట్యూబ్ మూతికి బిగించే ప్లాస్టిక్ ముక్కు) కోత. రంధ్రం సందు వెడల్పు కంటే కాస్త చిన్నగా ఉండాలి. 6 మి.మీ. సందుకు 4 నుంచి 5 మి.మీ. చాలు. 45 డిగ్రీల ఏటవాలుగా కోయండి. ఎక్కువ కోస్తే మళ్లీ తగ్గించలేం కనుక చివర నుంచి కొద్దికొద్దిగా కోసుకుంటూ రండి. నాజిల్ బిగించే ముందు ట్యూబ్ మూతిని కోయడం మరవకండి. కొన్నిటికి లోపల రేకు పొర కూడా ఉంటుంది, దాన్ని పొడవాలి. అది తెగకుండా బలంగా నొక్కితే సరుకు ట్యూబ్ వెనక నుంచి తన్నుకొచ్చి గన్ అంతా పాడవుతుంది.

సందుకు రెండు పక్కలా మాస్కింగ్ టేప్ అంటించండి. గన్‌ను 45 డిగ్రీల వంపులో పట్టుకుని, సరుకు సందు లోపలికంటా దిగేలా ఒకే వేగంతో కదలండి. నొక్కుడు మారకూడదు, ఆగి ఆగి నడపకూడదు. తర్వాత వెంటనే ప్లాస్టిక్ గరిటె లాంటి పరికరంతో ఒకే లాగుడులో నునుపు చేయండి. ఇది అందం కోసమే కాదు, సరుకును రెండు అంచులకూ అదిమేది కూడా ఇదే. సబ్బునీళ్లు వాడేవారు వరస పెట్టాకే, పైపైన చిలకరించాలి. ముందే చల్లితే సబ్బు కిందకి చేరి అంటుకోనివ్వదు. పై పొర కట్టకముందే, అంటే చాలా రకాలకు 10 నిమిషాల లోపే, టేప్ లాగేయండి. ఆలస్యమైతే టేప్‌తో పాటు అంచు చిరిగి వస్తుంది.

ప్రశ్న: కిటికీ ఫ్రేముకూ గోడకూ మధ్య 15 మి.మీ. సందు ఉంది. ఎన్ని ట్యూబులు పడతాయి?

జవాబు: మొత్తం సీలెంట్‌తోనే, అంటే సిలికాన్ లాంటి సందులు మూసే సరుకుతోనే, నింపాలనుకుంటే ఎన్ని తెచ్చినా చాలవు, పైగా నిలవదు. ముందు సందులోకి బ్యాకర్ రాడ్ అనే నురుగు తాడు దూర్చండి. దాని మందం సందు కంటే సుమారు పావు వంతు ఎక్కువ, అంటే ఇక్కడ 18 నుంచి 20 మి.మీ. ఉండాలి. దాని మీద సీలెంట్ లోతు వెడల్పులో సగం, 7 లేదా 8 మి.మీ. చాలు. తాడుకు సీలెంట్ అంటదు, రెండు అంచులనే పట్టుకుంటుంది. ఎండకు ఫ్రేము సాగినా, చలికి ముడుచుకున్నా మధ్యలో రబ్బరులా సాగుతుంది. అడుగుకు కూడా అంటుకుంటే సాగే వీలులేక చిరుగుతుంది. లోతు ఎక్కువైతే ఇంకో బెడద: సిలికాన్ గాలిలోని తేమతో పైనుంచి లోపలికి, రోజుకు 2 నుంచి 3 మి.మీ. మాత్రమే గట్టిపడుతుంది. లావుగా నింపితే లోపల వారాల తరబడి పచ్చిగానే ఉంటుంది.

ఇక లెక్క: 300 మి.లీ. ట్యూబ్‌తో 6 మి.మీ. వెడల్పు, 6 మి.మీ. లోతు సందు 8 మీటర్లు వస్తుంది. మీ కొలతకు సుమారు రెండున్నర మీటర్లే. ఫ్రేము చుట్టుకొలతను దానితో భాగించి, వృథాకు కాస్త కలుపుకోండి.

ఫ్రేము అడుగున బయటవైపు చిన్న రంధ్రాలు కనిపిస్తే వాటి జోలికి పోవద్దు. లోపల చేరిన వాననీరు బయటికి పోయే దారులవి. అవి మూస్తే నీరు ఇంట్లోకి వస్తుంది.

ప్రశ్న: అక్రిలిక్, సిలికాన్: ఏది ఎక్కడ వాడాలి?

జవాబు: రంగు వేయాల్సిన చోట, గది లోపలి తలుపు ఫ్రేములకు, గోడ పగుళ్లకు అక్రిలిక్. ఆరేకొద్దీ నీరు పోయి కుంచించుకుపోతుంది కాబట్టి కాస్త నిండుగా పెట్టండి. నీరు నిలిచే చోట పనికిరాదు. తడి ఉండే చోట సిలికాన్, కానీ మామూలు సిలికాన్‌పై పెయింట్ నిలవదు. వెనిగర్ వాసన వచ్చే రకం గాజుకు, గ్లేజ్ టైల్స్‌కు బాగుంటుంది. ఆ వాసన యాసిడ్‌దే. అందుకే అద్దం వెనక పూత, రాగి, ఇత్తడి, జింక్ పూత ఇనుము, సిమెంట్, పాలరాయి దగ్గర ఆ యాసిడ్ వదలని న్యూట్రల్ రకమే వాడండి.

ప్రశ్న: సగం మిగిలిన ట్యూబ్ ఎలా దాచాలి?

జవాబు: నాజిల్‌లోకి పొడవాటి స్క్రూ దూర్చి, పైన టేప్ చుట్టండి. మళ్లీ వాడేటప్పుడు స్క్రూతో పాటు గట్టిపడిన ముక్క బయటికి వస్తుంది. రాకపోతే నాజిల్ తీసి కొత్తది బిగించండి. ట్యూబ్ మీద గడువు తేదీ దాటిందా, చిత్తు కాగితంపై ఒక గీత పెట్టి చూడండి. మర్నాటికి కూడా జిగటగానే ఉంటే పారేయండి.