పాత తరం చిప్పుల షేర్లు: రొయ్యల రైతుకు తగినవేనా?

ప్రశ్న: పశ్చిమ గోదావరి జిల్లా ఉండి దగ్గర ఆరెకరాల్లో వనామీ రొయ్యల సాగు చేస్తున్నాను. ఈ పట్టుబడికి చేతికి 12 లక్షల రూపాయలు వచ్చాయి. మేత డీలరుకు 3 లక్షలు బాకీ ఉంది. చైనా మీద ఆంక్షల వల్ల పాత రకం చిప్పులకు గిరాకీ పెరుగుతుందని, డబ్బంతా సెమీకండక్టర్ షేర్లలో పెట్టమని ఇంజినీరింగ్ చదివే మా అబ్బాయి అంటున్నాడు. పెట్టవచ్చా?

జవాబు: మీ అబ్బాయి మాటలో సగం నిజం ఉంది. 28 నానోమీటర్లు (మీటరులో వంద కోట్లో వంతు ఒక నానోమీటరు), అంతకంటే పెద్ద కొలతల్లో తయారయ్యే చిప్పులను పాత తరం అంటున్నారు గానీ, కార్లు, కరెంటు మీటర్లు, మోటారు కంట్రోలర్లు ఎక్కువగా నడిచేది వాటితోనే. 2021లో చిప్పుల కొరత వల్ల ఆ సెప్టెంబరులో తమ ఉత్పత్తి మామూలులో 40 శాతం దగ్గరే ఉండవచ్చని మారుతి సుజుకి ప్రకటించవలసి వచ్చింది.

చిక్కంతా మిగిలిన సగంలో ఉంది. 2022 అక్టోబరులో అమెరికా అధునాతన చిప్పులను, వాటిని తయారుచేసే యంత్రాలను చైనాకు అందకుండా కట్టడి చేయడంతో, అక్కడి కంపెనీలు ఆంక్షల వేడి అంతగా తగలని పాత తరం చిప్పుల వైపు పెట్టుబడిని మళ్లించి ఫ్యాక్టరీలు పెంచాయి. అంటే ఆ ఆంక్షల వల్ల ఈ రకం సరుకు తగ్గలేదు, పెరిగింది. ఊరంతా ఒకేసారి సీడు (రొయ్య పిల్లలు) వదిలితే పట్టుబడి నాటికి కౌంటు ధర (కిలోకు తూగే రొయ్యల లెక్కన పలికే ధర) ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. 2025 జనవరి 1 నుంచి చైనా సెమీకండక్టర్ల మీద అమెరికా సుంకం 25 నుంచి 50 శాతానికి చేరింది. ఆ ఏడాది సెప్టెంబరు చివర, తమ దేశంలో ఉన్నా చైనా యాజమాన్యంలోని చిప్పుల కంపెనీ నెక్స్‌పీరియాపై నెదర్లాండ్స్ ప్రభుత్వం నియంత్రణ చేపట్టగా, అక్టోబరులో చైనా తన గడ్డపై ఉన్న ఆ కంపెనీ సరుకు ఎగుమతిని ఆపేసింది. కారు ధరలో లెక్కకు కూడా రాని డయోడ్లు, ట్రాన్సిస్టర్ల కోసం పెద్ద పెద్ద కార్ల కంపెనీలు కంగారు పడ్డాయి. తరవాత కొన్ని వారాలకే ఆ పట్టు సడలింది. ఇలా ఒక ఉత్తర్వుతో వచ్చి మరో ఉత్తర్వుతో పోయే కొరతను నమ్ముకొని షేర్లు కొనడం పెట్టుబడి కాదు, పందెం.

పైగా ఇక్కడ కొనడానికి అసలు సరుకే తక్కువ. తైవాన్‌కు చెందిన చిప్పుల కంపెనీ పీఎస్‌ఎంసీ సాంకేతికతతో, 91,000 కోట్ల రూపాయల అంచనాతో, గుజరాత్‌లోని ధోలేరాలో ఈ పాత తరం చిప్పుల ఫ్యాక్టరీ తలపెట్టిన టాటా ఎలక్ట్రానిక్స్ స్టాక్ మార్కెట్లో లేదు. అదే రాష్ట్రంలోని సానంద్‌లో చిప్పుల ప్యాకేజింగ్‌కు (తయారైన చిప్పును వాడకానికి వీలుగా తొడుగులో బిగించే పనికి) దిగిన సీజీ పవర్, కేన్స్ షేర్లు దొరుకుతాయి. అయితే మొదటిదానికి మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, రెండోదానికి సర్క్యూట్ బోర్డుల తయారీ పాత వ్యాపారాలు; ఆ షేర్లు కొంటే చిప్పులతో పాటు వాటినీ కొన్నట్టే.

నాకు అన్నిటికంటే పెద్ద అభ్యంతరం వేరే ఉంది. 2025 ఆగస్టులో భారత సరుకుల మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు రొయ్య కొనుగోళ్లు ఎలా మందగించాయో మీరు గట్టు మీద నిలబడి చూశారు. మీ జీవనాధారం ఇప్పటికే వాషింగ్టన్ నిర్ణయాల మీద ఆధారపడి ఉంది. మిగిలిన డబ్బును కూడా ఆ నిర్ణయాలకే కట్టివేస్తే, చెరువూ షేర్లూ ఒకే వారంలో దెబ్బతినవచ్చు.

కనుక ముందుగా మేత బాకీ 3 లక్షలు తీర్చండి. రొక్కానికీ అరువుకూ మేత ధరలో ఉండే తేడాను మించిన రాబడిని ఏ షేరూ ఖాయంగా ఇవ్వలేదు. తెల్లమచ్చ తెగులు వచ్చి ఒక పంట పోయినా మళ్లీ సీడు వేయగలిగేలా 5 లక్షలు బ్యాంకు డిపాజిట్‌లో ఉంచండి. మరో 3 లక్షలను నెలకు 25,000 చొప్పున ఏడాది పాటు నిఫ్టీ ఇండెక్స్ ఫండ్‌లో (50 పెద్ద కంపెనీల షేర్లను కలిపి కొనే ఫండ్) వేయండి. మిగిలిన లక్షతో మీ అబ్బాయి తాను నమ్మిన చిప్ కంపెనీలను ఎంచుకోవచ్చు; అది పోయినా మీ సాగు ఆగదు. ఏడాది లోపు అమ్మితే లాభంపై 20 శాతం, ఆ తరవాత ఏడాదికి 1.25 లక్షలు దాటిన లాభంపై 12.5 శాతం పన్ను పడుతుందని మాత్రం అతనికి ముందే చెప్పండి. షేర్లు ఉంచుకునే డీమ్యాట్ ఖాతాను మీ పేరునే తెరిచి, నామినీని రాయించి, రాబోయే ధరల మీద పందెం కాసే ఫ్యూచర్స్, ఆప్షన్స్ సదుపాయాన్ని తీసుకోకుండా వదిలేయండి.